తూకానికి దొరికిన కంప్యూటర్

ముందే చెప్పేస్తున్నాను, నేను కొంచెం పెంచి చెబుతాను. మా ఇంట్లో దూరిన పిల్లి, నేను ఆ సంగతి చెప్పుకుంటూ వీధి చివరికి నడిచేసరికి చిరుతపులి అవుతుంది. అందుకని ఈ ప్రయాణంలో వచ్చే దూరాలను మూడుతోనూ, బరువులను ఎనిమిదితోనూ, నా ధైర్యాన్ని పదితోనూ భాగించి చదువుకోండి. ధరలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను. వాటిని మా ఆవిడ సుజాత చదువుతుంది. ఇందులో నేను నిజంగా కల్పించినది ఏదో చివరలో ఒప్పుకుంటాను కూడా. అది నా మంచితనం కాదు, నాకు పడిన శిక్ష. ఎవరు వేశారో, ఎందుకు వేశారో దారిలో తెలుస్తుంది.

ప్రయాణం మూడు రోజులది. సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు, కర్దనూర్, బొంతపల్లి, ఇస్మాయిల్‌ఖాన్‌పేట, మళ్ళీ సంగారెడ్డి. నా స్కూటర్ మీటరు ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి నా అంచనానే లెక్క: సుమారు ఆరు వందల కిలోమీటర్లు.

సంగారెడ్డి: టీ కొట్టు

పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో పద్దెనిమిదేళ్లు బాయిలర్ నడిపాను. మూడేళ్ల కిందట అది మూతపడి, ఇప్పుడు ఇంకో కంపెనీలో ఇంకో బాయిలర్ నడుపుతున్నాను. ఆ పాత కంపెనీ టైమాఫీసులో, అంటే మేం లోపలికి వచ్చిన వేళా బయటికి పోయిన వేళా రాసుకునే గదిలో, ఒక కంప్యూటర్ ఉండేది. అందులో ఒక రాకెట్టాట. పైనుంచి రాళ్లు పడుతుంటాయి, మనం కింద రాకెట్టును జరుపుతూ వాటిని కాల్చాలి. ఆట ముగిశాక, అన్నిటికన్నా ఎక్కువ పాయింట్లు వచ్చిన పది ఆటలూ ఆడినవాళ్ల పేర్లతో ఒక పట్టీలో కనబడతాయి. ఇంగ్లీషులో నాలుగక్షరాలే పడతాయి కాబట్టి యాదగిరినైన నేను అందులో ‘యాది’ని.

ఆ పట్టీలో నా పేరే పైన ఉండేదని మూడేళ్లుగా చెబుతున్నాను. ఒక్కడూ నమ్మలేదు. అంతకుముందు నేను చెప్పిన చిరుతపులులన్నీ వాళ్లకు గుర్తున్నాయి.

ఇప్పుడు నలభై ఆరేళ్ల వయసులో మొదటిసారి సొంత కంప్యూటర్, అదీ ఆటల కోసమే, కొనుక్కుందామనుకున్నాను. సుజాత రెండు షరతులు పెట్టింది. పదివేలు దాటకూడదు. మానిటర్ పదిహేడు అంగుళాలదే ఉండాలి, ఎందుకంటే దానికి ముసుగు ముందే కుట్టేసింది, అంచుకు నెమళ్లతో సహా. కొలతలు పక్కింటి వాళ్ల మానిటర్‌వి. డబ్బా మానిటర్ల కాలం కదా, ఒక్కోటి చిన్న బీరువా అంత ఉండేది.

ఈ సంగతి బస్టాండు ఎదుటి టీ కొట్టులో నర్సింలుకు చెప్పాను. నర్సింలు పాత కంపెనీలో ఫిట్టరు. కర్దనూర్‌లో రెండెకరాలున్నవాడు. నా నోట వచ్చిన ప్రతి మాటకూ కొలబద్ద పెట్టి చూసేవాడు.

"ఆటలాడనీకి కంప్యూటరా? జుట్టుకు రంగేసే వయసొచ్చె, ఇగ ఆటలా రా?"

"నవ్వుకో. రాకెట్టాటల తొంభై ఆరు వేలు కొట్టినోన్ని నేను. పట్టీల నా పేరే పైన."

నర్సింలు టీ కొట్టాయన వైపు తిరిగాడు. "విన్నవానే? పోయిన దసరాకు తొంభై వేలుండె. పెట్రోలు లెక్క పెరుగుతున్నది."

"నువ్వు సూడలేదా?"

"నేను ఆ కుర్చీల ఒక్కనాడు గూడ కూసోలే. డ్యూటీల ఆటలాడుడు నాకు నచ్చదు." అన్నాడు. గ్లాసు కింద పెట్టి మళ్లీ అందుకున్నాడు: "మన ఆఫీసు సామానంత బొంతపల్లి దిక్కు తుక్కు గోదాముకు పోయిందట. ఆ కంప్యూటర్ల హార్డ్ డిస్క్ గాడనే ఉంటది. ఆట, పట్టీ, పేర్లు, అన్ని దాంట్లనే కదా. తీసుకొచ్చి సూపెట్టు. నీ పేరు పైనుంటే ఇదే కొట్టుకాడ నలుగుర్ల నిలబడి, యాదగిరి ఇయ్యాల్టిదాక చెప్పిందంత నిజమే అని అంట. చిరుతపులితోని సహ."

"లేకుంటే?"

"లేకుంటే ఏడాది దాక ఉన్నది ఉన్నట్టె చెప్పాలె. గోరంత కలపొద్దు."

ఏడాది పాటు ఉన్నది ఉన్నట్టే చెప్పాలంటే ఇక నేను నోరు తెరవాల్సిన అవసరమేముంది? మా ఇంటికొచ్చే చుట్టాలకు ఏం పెట్టాలి? కానీ టీ కొట్టాయన చూస్తున్నాడు. "సరే" అన్నాను. కంప్యూటర్ కొనడానికి బయలుదేరినవాణ్ణి, నా నోటిని కాపాడుకోవడానికి బయలుదేరినవాణ్ణయ్యాను.

పటాన్‌చెరు

మా దారిలో మైలురాళ్ల అవసరం లేదు. కళ్లు మూసుకుని స్కూటర్ వెనక కూర్చుంటే చాలు, ముక్కే ఊరు పేరు చెబుతుంది. తడి సున్నం వాసన వస్తే సగం దూరం వచ్చినట్టు, కుళ్లిన గుడ్డు వాసన వస్తే పటాన్‌చెరు దగ్గరపడ్డట్టు, రెండూ కలిసి వస్తే చేరినట్టు.

టీ తాగే పద్ధతి కూడా మారిపోతుంది. సంగారెడ్డిలో రెండున్నర రూపాయలకు నిండు గ్లాసు ఇస్తారు, ఒక గ్లాసు మీద రెండు కుటుంబాల సంగతులు అయిపోతాయి. పటాన్‌చెరులో మూడు రూపాయలకు సగం గ్లాసు. గడియారం చూసుకుంటూ నిలబడి తాగుతారు, కంపెనీ కూత వినబడితే మిగిలింది పారబోసి పరుగెత్తుతారు. నా పక్కన నిలబడ్డ ఒడిశా కార్మికుడు బన్ను మొత్తం నోట్లో పెట్టుకుని, మాట్లాడలేక చేత్తోనే నమస్కారం పెట్టి పోయాడు. అంత మర్యాద మా ఊళ్లో తీరిక ఉన్నవాళ్ల దగ్గర కూడా చూడలేదు.

కంప్యూటర్ల కొట్టు రోడ్డు మీదే, ఒక మేడపైన ఉంది. యజమానికి ముప్పై ఏళ్లుంటాయి. ఆ ఎండలో టై కట్టుకున్నాడు.

"ఏం గేమ్ ఆడతరు అంకుల్? దాన్ని బట్టే సామాన్లు."

"రాకెట్టాట. రాళ్లు పడతయి, మనం కాలుస్తం."

"దానికి కొత్త కంప్యూటరే అక్కర్లే. మీ చేతి గడియారం మీద గూడ ఆడొచ్చు."

నా వెంటే వచ్చిన నర్సింలు కిటికీలోంచి రోడ్డు చూస్తూ భుజాలు కదిలించుకున్నాడు. నవ్వుతున్నాడని వెనక నుంచే తెలిసింది. నాకు పౌరుషం వచ్చింది. కార్ల పందేలూ యుద్ధాలూ అన్నీ ఆడతానని చెప్పాను. అతను ఒక యుద్ధం పెట్టి చూపించాడు. ఊరంతా తగలబడుతోంది. నేను తెరకు ముక్కు ఆనించి చూశాను.

"ఈ మంట తప్పు" అన్నాను.

"ఏం తప్పు అంకుల్?"

"అంచుల పసుపు పచ్చగ ఉన్నది, పొగొస్తున్నది. గాలి సాలుతలేదు. గిట్ల మండితే మా మేనేజరు నన్ను ఆనాడే ఇంటికి పంపుతుండె."

అతను పద్దెనిమిదేళ్ల బాయిలర్ అనుభవాన్ని ఎప్పుడూ చూసినట్టు లేదు. తెర మీద బొమ్మలు గీసే కార్డు మార్చి మళ్లీ పెట్టాడు. ఈసారి మంట అడుగున నీలం కనిపించింది. "ఇది నడుస్తది" అన్నాను. ఆ కార్డు నాలుగు వేల రెండొందలు. అన్నీ కొత్తవైతే ఇరవై మూడు వేలని ఒక కాగితం రాసిచ్చాడు. ఆటల కంప్యూటర్‌లో బొమ్మల కార్డే రాజనీ, మిగతావన్నీ దాని కొలువులో ఉన్నవేననీ, సగం డబ్బు దానికే పెట్టాలనీ బోధించాడు. నేను డబ్బా అందంగా ఉండాలన్నాను, చుట్టాలకు కనిపించేది అదే కాబట్టి. నర్సింలు కరెంటు డబ్బాను పట్టుకున్నాడు. బోరు మోటారైనా కంప్యూటరైనా కరెంటు సరిగ్గా రాకపోతే కాలిపోతుందని అతని వాదన.

"ఇది ఎన్ని వాట్లు?"

"నాలుగొందలు సార్."

నర్సింలు దాన్ని అరచేతిలో పెట్టుకుని తూచాడు. "నాలుగొందలకు గింత తేలికుంటదా? లోపల రాగి లేదు. గా మూలకున్న పాతది ఇయ్యి."

మూలనున్నది తీసి పట్టుకుంటే చెయ్యి కిందికి వంగింది. కొట్టతను ముఖం కొంచెం మార్చుకుని, "నిజమే సార్, అదే మంచిది" అన్నాడు. నర్సింలు నా వైపు చూసిన చూపును నేను మరిచిపోలేను. ఆ ఒక్క గెలుపే మా కొంప ముంచింది.

బోర్డు, దాని మీది ప్రాసెసర్, మెమరీ, వాడిన మానిటర్, డబ్బా, నర్సింలు ఏరిన కరెంటు డబ్బా, కొత్త హార్డ్ డిస్క్ కలిపి ఎనిమిది వేల తొమ్మిదొందలకు తెగాయి. మానిటర్ మీద టేపు పెట్టి, నెమళ్ల ముసుగు సరిపోతుందని రూఢి చేసుకున్నాకే డబ్బిచ్చాను. ఇక కార్డుకు పదకొండు వందలే మిగిలాయి. రాజు దొరకలేదు, కొలువు మాత్రం సిద్ధమైంది.

కొట్టు కింద రోడ్డు వారన ఒక తుక్కు బండి ఉంది. దాని మీద బొమ్మల కార్డులు మామిడికాయల్లా కుప్పపోసి ఉన్నాయి. కిలో ఎనభై.

"బరువున్నది సూడు" అన్నాడు నర్సింలు. అప్పుడే గెలిచొచ్చిన మనిషి మాట ఎట్లా కాదంటాం? ఒక్కోటీ చేతిలో తూచి, అన్నిటిలోకీ బరువైనది ఏరాం. రెండు కిలోలుంది. పైన ఇనప రెక్కలు, మధ్యలో పంకా, అంచుకు బంగారు రంగు పళ్లు.

కర్దనూర్

మానిటర్‌ను నర్సింలు ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. నాకు ముందు రోడ్డు తప్ప ఏమీ కనిపించలేదు, అతనికి మానిటర్ తప్ప ఏమీ కనిపించలేదు. కర్దనూర్ పొలిమేరలో పన్నెండు కుక్కలు మమ్మల్ని చుట్టుముట్టాయి. నేను చలించలేదు.

సంగారెడ్డిలో ఇంటికి వెళితే "తిన్నారా?" అని అడుగుతారు, మనం తిన్నామని అబద్ధం చెబుతాం, వాళ్లు నమ్మినట్టు నటిస్తారు. కర్దనూర్‌లో ఆ నాటకం లేదు. నర్సింలు భార్య మాట్లాడకుండా పళ్లెం పెట్టి జొన్నరొట్టె, పచ్చి పులుసు, ఉల్లిగడ్డ వేసింది. తిన్నాక ఎందుకొచ్చారని అడిగింది.

వచ్చింది కార్డు పడుతుందో లేదో చూద్దామని. పడలేదు. బోర్డు మీది గాడిలో అడ్డంగా ఒక చిన్న గోడ ఉంటుంది, కార్డు పళ్ల మధ్య దానికి సరిపడే సందు ఉండాలి. మా కార్డుకు సందు ఉంది కానీ రెండు వేళ్లు అవతల ఉంది. పాత కాలపు కార్డు, కొత్త కాలపు బోర్డు.

ఇక్కడ మామూలు మనిషైతే ఏం చేస్తాడు? కార్డు వాపసు ఇస్తాడు. కానీ ఫిట్టరుకు ఇరవై ఏళ్లుగా ఒకటే నేర్పారు: పట్టకపోతే పట్టేదాకా అరగదీయాలి. పైపు అయినా, ఇరుసైనా, తలుపు బిళ్లైనా అంతే. నర్సింలు కార్డును పరదాగుడ్డలో చుట్టి బిగింపు పట్టులో బిగించాడు. ఆకురాయి తీశాడు. దాని కొసకు సుద్ద రాశాడు, అంచు నున్నగా రావడానికి.

"అరే, అది పళ్లలెక్క ఉన్నది, కరెంటు పోయేది గందులకెళ్లేనేమో" అన్నాను.

"రెండు పండ్లు పోతే ఏమైతది? మా నాయనకు ఎనిమిది పోయినయ్, జొన్నరొట్టె తింటున్నడు."

వాదనలో లోపం కనిపించలేదు. పని చాలా అందంగా సాగింది. పావుగంటలో ఇంజనీర్లు కూడా వేలు పెట్టి చూసి మెచ్చుకునేంత నున్నటి సందు వచ్చింది. కార్డు గాడిలో వెన్నలా దిగింది. కరెంటు పెట్టాం. కంప్యూటర్ ఒక్క పొడుగాటి కూత కూసి ఊరుకుంది. మళ్లీ పెడితే మళ్లీ కూసింది.

"షిఫ్టు అయిపోయినట్టున్నది" అన్నాడు నర్సింలు, ఆకురాయి తుడుచుకుంటూ.

కార్డు చచ్చింది. బోర్డు బతికింది. అది మా ప్రతిభ కాదు, దాని అదృష్టం.

బొంతపల్లి

రెండో రోజు పొద్దున్నే బొంతపల్లి. వీరభద్రుడికి రోడ్డు మీది నుంచే దండం పెట్టి గోదాముకు పోయాం. లోపల మూతపడిన కంపెనీలన్నీ కుప్పలుగా పడి ఉన్నాయి. కుర్చీల కుప్ప, పంకాల కుప్ప, ‘భద్రతే ముందు’ అని రాసిన బోర్డుల కుప్ప. యజమాని ఖాజాభాయ్ ఒక డైరెక్టరు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. దానికి ఒక కాలు లేదు, ఇటుకలు పెట్టాడు.

"ఏం గావాలె భాయ్?"

"హార్డ్ డిస్క్. మా పాత కంపెనీది."

"కంపెనీ పేర్లు నాకు యాదుండయి. ఇనుముంటే ఇనుము, అల్యూమినియముంటే అల్యూమినియం. గా దిక్కు జూసుకో. జల్దీ జూడు, ఇయ్యాల ఇప్పుతున్నరు."

ఆ దిక్కున ఇద్దరు కూలీలు స్క్రూడ్రైవర్లతో హార్డ్ డిస్కులను వేరుశనగల్లా ఒలుస్తున్నారు. అల్యూమినియం ఒక గంపలో, అయస్కాంతాలు ఇంకో గంపలో. పదేళ్ల జీతాల లెక్కలూ, సెలవు చీటీలూ, నా పేరూ అన్నీ ఆ గంపలోకే. అన్నీ ఒకేలా ఉన్న ఆరు వందల డబ్బాల్లో మాది ఏది?

మాదాన్ని పట్టించింది దసరా. ఆయుధపూజ నాడు మా కంపెనీలో బాయిలర్ నుంచి పార దాకా అన్నిటికీ పసుపు కుంకుమలు పెట్టేవాళ్లం. టైమాఫీసు గుమాస్తా కంప్యూటర్‌కూ పెడతానంటే, డబ్బా ఖరాబవుతుందని మేనేజరు వద్దన్నాడు. భక్తుడు ఊరుకుంటాడా? అందరూ ప్రసాదం దగ్గరుండగా డబ్బా మూత విప్పి, పని చేసేది ఇదే కదా అని లోపలి హార్డ్ డిస్కుకే బొట్టు పెట్టాడు. ఏటా పెట్టాడు. ఒలిచేవాడి ఎడమ చేతి పక్కనే, తన వంతు కోసం ఎదురుచూస్తూ, ఎర్రటి మరకతో ఒక డబ్బా కనిపించింది.

"ఇగో, ముత్తయిదువ" అన్నాడు నర్సింలు.

ఖాజాభాయ్ దాన్ని తూకంలో పెట్టాడు. ముల్లు సగంలో ఆగింది. "కిలోకు తక్కువ అమ్మను. డెబ్బై రూపాయలు, కిలో నింపుకో."

"మాకు గిదొక్కటే గావాలె భాయ్."

"నేను ఒక్క టమాట అమ్ముతనా?"

చేతికి అందినవి తూకంలో పడేశాం. రెండు తీగల చుట్టలు, ఒక పంకా. ముల్లు ఇంకా కొంచెం పైన ఉంది. ఖాజాభాయ్ తన పక్కనున్న రేకుల డబ్బాలోంచి ఏదో తీసి, కూరగాయల మీద కరివేపాకు వేసినట్టు పైన వేశాడు. "కొసరు. తీస్కపో."

బొమ్మల కార్డు. అరచేతి కంటే చిన్నది, అప్పడమంత తేలికైనది, పంకా కూడా లేదు. నర్సింలు దాన్ని చూసి పెదవి విరిచాడు. "గాలికి ఎగిరిపోతది." నేను జేబులో వేసుకున్నాను. మర్నాడు బోర్డు గాడిలో పెడితే, ఆకురాయి అవసరం లేకుండా పట్టింది. కొట్టతను కొత్త హార్డ్ డిస్కులో వేసిచ్చిన యుద్ధం పెట్టి చూశాం. పటాన్‌చెరులో నాలుగు వేలకు కనిపించిన ఆ నీలి మంట, కొసరుగా వచ్చిన అప్పడంలో కనిపించింది.

ఇస్మాయిల్‌ఖాన్‌పేట

మూడో రోజు నర్సింలు కొత్త పేచీ పెట్టాడు. పట్టీని మేమిద్దరమే చూస్తే టీ కొట్టులో ఎవరూ నమ్మరట. సాక్షి కావాలి. ఎవరికీ లొంగని సాక్షి ఎవరని ఆలోచిస్తే ఇద్దరికీ ఒకే పేరు తట్టింది: బాలమణక్క. మా కంపెనీలో పొద్దున ఆఫీసు గదులు ఊడ్చి, తర్వాత క్యాంటీన్‌లో టీ పోసేది. జనరల్ మేనేజరు రెండో గ్లాసు అడిగితే "మీ లెక్క అయిపోయింది సార్" అన్న మనిషి. ఇప్పుడు ఇస్మాయిల్‌ఖాన్‌పేట దుర్గమ్మ గుడి దగ్గర కొబ్బరికాయలు, మిరపకాయ బజ్జీలు అమ్ముతోంది. రూపాయికి ఒక బజ్జీ. సంగారెడ్డిలో అదే ధరకు బజ్జీ సన్నగా ఉంటుంది, మిరపకాయ మాత్రం లావుగా ఉంటుంది. ఇక్కడ న్యాయం ఉంది.

మా గొడవంతా విని, బజ్జీలు తిప్పుతూ అంది: "నాకెందుకన్నా మీ కంప్యూటర్ ముచ్చట? నేను సదువుకున్నదాన్నా?"

"పేర్లు సదివితే చాలక్కా. నాలుగక్షరాలే."

"ఏ ఆటన్నవు? పైకెళ్లి రాళ్లు పడేదా?"

"అదే."

"మూడోసారి ఎర్రరాయి పడ్డంక తొందరగుంటది, గదేనా?"

"గదే గదే" అన్నాను. ఎర్రరాయి సంగతి ఆమెకెట్లా తెలుసని ఆ క్షణంలో నాకు తట్టలేదు. నా గెలుపు గురించి ఆలోచిస్తున్నాను. ఆ పనిలో ఉన్నప్పుడు నాకు ఇంకేమీ వినిపించదు.

బాలమణక్క కొట్టు పక్కావిడకు అప్పగించి, కొంగుకు చెయ్యి తుడుచుకుని, "జెర తొందరగ వాపసు తోలియ్యిండ్రి" అంటూ స్కూటర్ ఎక్కింది. నర్సింలు మానిటర్, డబ్బాలతో బస్సులో వచ్చాడు.

మళ్ళీ సంగారెడ్డి

కరెంటు పెట్టే ముందు నర్సింలు పర్మిట్ అడిగాడు. మందుల కంపెనీలో పనిచేసినవాళ్లు కాగితం మీద సంతకం లేకుండా అగ్గిపుల్ల కూడా గీయరు. సుజాత పాలచీటీ వెనక ‘ఒక కంప్యూటర్ వెలిగించుటకు అనుమతి’ అని రాసి సంతకం పెట్టింది. ఇసుక బకెట్ తలుపు దగ్గర పెట్టాం. నెమళ్ల ముసుగు సగం పైకి లేపాం.

పాత హార్డ్ డిస్క్ మొదట నాలుగుసార్లు దగ్గింది. తర్వాత గురక లాంటి చప్పుడు మొదలైంది. తెర మీద రాకెట్టు వచ్చింది. మూడేళ్లు చీకట్లో, తుక్కులో పడి ఉండి, ఏమీ జరగనట్టు అదే చోట నిలబడి ఉంది. మా కంపెనీలో ఇంకా పనిచేస్తున్నది అదొక్కటే.

"పట్టీ తియ్యి" అన్నాడు నర్సింలు.

తీశాను. మొదటి వరుస: ‘బాల’. లక్షా నలభై వేలు. రెండో వరుస: ‘యాది’.

నేను బాలమణక్క వైపు చూశాను. ఆమె నెమళ్లను చూస్తోంది.

"అక్కా, ఇదెవరు?"

"నేనే."

"ఎప్పుడు?"

"పొద్దుగాల ఏడింటికి ఊడ్వనీకి వస్తుంటి. గుమాస్తా సారు తొమ్మిదిన్నరకు వస్తుండె. నడుమ ఏం జెయ్యాలె?" కుర్చీ అంచున కూర్చుంది. "ఆఖరుకు కంపెనీ బందైనంక గూడ పదిహేను దినాలు రమ్మన్నరు, తాళాలు ఇచ్చేదాక. ఊడ్వనీకి ఏం లేకుండె. చెత్త జేసేటోళ్లే లేకపాయిరి. మీరందరు పోయిండ్రి. గప్పుడు ఎక్కువ ఆడిన."

"మరి ఎవ్వరికి చెప్పలేదు?"

"ఎవరడిగిండ్రన్నా?"

పందెం పోయింది. నా నోటికి ఏడాది తాళం. నేను చప్పట్లు కొట్టాను. నర్సింలు మాత్రం, నేను అనుకున్నట్టు, టీ కొట్టుకు పరుగెత్తలేదు. తల వంచుకుని ఇసుక బకెట్ సర్దుతున్నాడు. ఎందుకో చివర చెబుతాను. శిక్ష సంగతి ఎత్తింది సుజాతే. ఏడాదిపాటు ఇల్లు ప్రశాంతంగా ఉంటుందని ఆమె ఆశ.

బాలమణక్క ఒప్పుకోలేదు. "వద్దు వదినా. క్యాంటీన్ల ఈ అన్న ముచ్చట్లు ఇనుకుంటనే రెండొందల గ్లాసులు కడుగుతుంటి. నోరు గట్టేస్తే మనిషి ఖరాబైతడు. చెప్పనీ. గని ఆఖర్ల, ఏది తన కడుపులకెళ్లి పుట్టిందో అది ఒప్పుకోవాలె. గంతే."

తర్వాత ఆమె మీటల మీద వేళ్లు పెట్టింది. మూడో ఎర్రరాయి దాటింది, ఆరోది దాటింది. నర్సింలు, నేను, సుజాత వెనక నిలబడి చూశాం. సుజాత టీ తెచ్చి మరిచిపోయి తనే తాగింది. కొబ్బరికాయల కొట్టు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఇక శిక్ష ప్రకారం ఒప్పుకోవాలి. పటాన్‌చెరు కార్డు రెండు కిలోలు కాదు, పావు కిలో. కర్దనూర్‌లో పన్నెండు కుక్కలు కాదు, ఒకటి, అదీ నిద్రపోతోంది. గోదాములో హార్డ్ డిస్కులు ఆరు వందలు కాదు, ఒక గంపెడు. ఇవి కల్పించినవి కావు, కొంచెం ఉబ్బినవి. ఆకురాయి సంగతి అక్షరాలా నిజం. ఆ కార్డు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది, కావాలంటే ఆ సందు నునుపు వేలు పెట్టి చూసుకోవచ్చు.

కల్పించినది ఒకటే. పట్టీలో రెండో వరుస ‘యాది’ అని రాశాను. రెండో వరుస కూడా ‘బాల’. మూడూ, నాలుగూ కూడా ఆమే. తొమ్మిది దాకా ‘బాల’ తప్ప ఇంకో పేరు లేదు. పదో వరుసలో ‘నర్స్’ అని ఉంది. ఒక్కనాడూ ఆ కుర్చీలో కూర్చోలేదన్న నర్సింలు అది చూసి, నెమళ్ల ముసుగు కిందికి లాగబోయాడు. ఇసుక బకెట్ సర్దడం ఆ తర్వాతి సంగతి.

మరి నా పేరు ఎక్కడ ఉందంటారా? ఆ పట్టీలో ఉన్నవే పది వరుసలు. పదకొండోది ఉంటే కనిపించేది.